బండ కింద పేరు

మా ఇంటి ఉతుకుడు బండకు పూలదండ వేసి ఉంది. అది చూసి తిరువూరు నడిరోడ్డు మీద నిలబడిపోయాను. తమ్ముడి మనవరాలి పెళ్లికని ఊరు వెళ్లాను. విస్సన్నపేట మీదుగా వచ్చే బస్సు దిగి, ఆటో ఎక్కేముందు ఇన్నేళ్లలో ఊరు ఎంత మారిందో చూద్దామని నాలుగడుగులు నడిచాను. రోడ్డు పక్కన కొత్తగా కట్టిన గద్దె, దానికి నున్నటి టైల్సు, చుట్టూ స్టీలు కడ్డీలు, నడుమ నిలబెట్టిన నల్లరాయి. నేను వెనకవైపు నుంచి వచ్చాను కాబట్టి నాకు ముందు కనపడింది ఆ రాయి వీపు. వీపు మధ్యలో పళ్లెంలా దిగిన పల్లం. ఒక పక్కన మా అమ్మ కత్తి నూరి నూరి చేసిన గాడి. ఆ పల్లంలో నా చిన్నప్పటి లంగాలన్నీ నానాయి. అది మాదేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కడ్డీలు పట్టుకుని ముందువైపుకు తిరిగాను. అక్కడ చూసింది చెప్పాలంటే ముందు మా పెరడు గురించీ, ఆ పెరట్లో మా నాయనమ్మ నోరు గురించీ చెప్పాలి.

మాది దూదేకుల ఇల్లు. నాన్న పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ముందుగది కొట్టు, వెనక రెండు గదుల్లో సంసారం, ఆ వెనక పెరడు. దూది మా ఇంట్లో మాతోపాటు బతికేది. నాన్న కనుబొమల మీద దూది, అమ్మ పోపు గిన్నెలో దూది, బళ్లో నా జడలోంచి దూది పీకి ఊదే పిల్లలు. పెళ్లిళ్ల రోజులు దగ్గరపడితే రెడ్డిగూడెం నుంచీ, ఎ.కొండూరు నుంచీ బండ్ల మీద పాత పరుపులు వచ్చేవి. వాటిని విప్పి, దూది ఎండబోసి, ఏకి, మళ్లీ నింపి కుట్టాలి. విప్పిన గలీబులు ఉతకడం మాత్రం ఆడవాళ్ల వంతు. ఒక్కో గలీబుది ఒక్కో ఇంటి వాసన. ఆముదం తలలు, పొగాకు నోళ్లు, పసిపిల్లల ఉచ్చ, మూలన పడి ఉన్న ముసలివాళ్ల మందులు. నాయనమ్మ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ ఇంట్లో కోడలు బద్ధకస్తురాలు" అని తేల్చేసేది. పెరట్లో పొయ్యి మీద సోడా నీళ్లు కాగుతుంటే ఆ ఘాటుకు మాకు కళ్లు మండేవి. చదును నేల మీద పరిచిన ఆ పెద్ద బండ పక్కన కొంగు నడుముకు దోపుకుని మా నాయనమ్మ నిలబడేది.

మా ఊరికి రైలు లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఒకప్పుడు ఒక రకం రైలు ఉండేదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే దాని కిందే పడుకునేవాళ్లం. మా నడిమింటి దూలం ఒక రైలు పట్టా. దానికే మా ఉయ్యాల, దానికే ఉల్లిపాయల గుత్తులు. తెల్లదొరల కాలంలో ఏదో కంపెనీ కొండల్లోంచి రాయి, కలప దింపడానికి సన్నటి పట్టాలు వేసి, వాటి మీద ఇనప చక్రాల తొట్లు పెట్టిందట. ఇంజను లేదు, పొగ లేదు, కూత లేదు. తొట్లను ఎడ్లు లాగేవి. వాలు వచ్చిన చోట ఎడ్లను విప్పేసి, మనిషి తొట్టి మీద నిలబడి చెక్క బ్రేకు తొక్కిపట్టి దింపాలి. జనం దాన్ని ఎడ్ల రైలు అన్నారు. కొన్నేళ్లకు పని అయిపోయి కంపెనీ వెళ్లిపోయింది. మిగిలిపోయిన సామానును ఊళ్లవాళ్లు అడవిలో పుల్లలు ఏరుకున్నంత మామూలుగా ఏరుకున్నారు. పట్టాలు దూలాలయ్యాయి, వాటి కింది చెక్కలు గడపలయ్యాయి. మా నాయనమ్మ మామగారు, అంటే మా ముత్తాత, బండి కట్టుకుని వెళ్లి దూలానికి ఒక పట్టా, గడపకు ఒక చెక్క, గలీబులు ఉతకడానికి ఒక పెద్ద రాయి తెచ్చుకున్నాడు. రాయికి ఒకవైపు ఏవో చెక్కడాలున్నాయి. ఆ వైపు వేస్తే బట్ట చిరుగుతుందని బోర్లా పరిచాడు.

ఆ రైలు అంటే నాయనమ్మకు ఒళ్లుమంట. "మనిషిని పట్టుకుపోయి ఇనుము ఇచ్చింది" అనేది దూలం వంక చూసి. మా తాత ఆ ఎడ్ల రైలుకు ఎడ్లు తోలేవాడు. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. నాన్న ఇంకా కడుపులో ఉన్నాడు. పనికని కొండల వైపు వెళ్లిన మనిషి మళ్లీ గుమ్మం తొక్కలేదు. నెలలు గడిచి, నాన్న పుట్టి, మామిడి చెట్లు పూతకొచ్చిన రోజుల్లో ఆ రైలు పని మేస్త్రీ పంపిన మనిషి ఒకడు వచ్చాడట. "మీవాడు ఎడ్లను గాలికొదిలేసి, ఎవరో ఆడమనిషిని వెంటేసుకుని పారిపోయాడు" అని చెప్పి, తాత కంబళి గుమ్మంలో పడేసి పోయాడు. ముత్తాత కొడుకు కోసం ఖమ్మం వెళ్లాడు, బెజవాడ వెళ్లాడు, కనపడిన బండ్ల అడ్డాలన్నీ వెతికాడు. నాయనమ్మ ఎక్కడా వెతకలేదు. ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది.

ఆ తిట్లు ఎలా ఉండేవో ఈ కాలంవాళ్లకు చెప్పినా నమ్మరు. తడిసిన గలీబు రెండు చేతులా పైకెత్తి బండకేసి కొట్టేటప్పుడు, దెబ్బకో తిట్టు. "నీ కాళ్లిరగ!" అంటూ ఒకటి. "నీ కళ్లు పోను, ఎక్కడ తిరుగుతున్నావో!" అంటూ ఇంకొకటి. "నిన్ను పాము కరవ, నిన్ను మన్నులో పెట్ట!" అమ్మ వంటింట్లోంచి, "అత్తా, వీధిలోకి వినపడుతోంది" అనేది. "వినపడనీ. వాడికీ వినపడాలనే" అనేది నాయనమ్మ. తన తండ్రిని అలా తిడుతుంటే నాన్నకు కోపం వచ్చేది కాదు, ఎందుకంటే ఆ తండ్రిని ఆయన చూడలేదు. మాకైతే ఆ తిట్లు వినపడితేనే తెల్లారినట్టు. ఏ రోజైనా నాయనమ్మకు జ్వరం వచ్చి పెరడు చప్పుడు చేయకపోతే, నేనూ తమ్ముడూ బడికి ఆలస్యంగా లేచేవాళ్లం.

కానీ ఇన్ని తిట్లలోనూ ఒక్కసారి కూడా తాత పేరు లేదు. మొగుడి పేరు పెళ్లాం నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. ఓటర్ల లిస్టు మనిషి వచ్చి, "భర్త పేరేంటమ్మా?" అంటే నన్ను ముందుకు తోసి, "చెప్పవే" అనేది. నేను "మౌలాలి" అని చెబుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తిట్టేదేమో చచ్చిపొమ్మని, పేరెత్తనిదేమో బతకాలని. ఇదేం లెక్క అని ఒకసారి అడిగితే నా నెత్తిన మొట్టింది. గాజుల సంగతీ అంతే. మెడలో నల్లపూసలు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. గాజులమ్మ బుట్ట దించగానే అమ్మ కంటే ముందు చెయ్యి చాచేది నాయనమ్మే. "మొగుడు బతికున్నవాళ్లం, మనకేం తక్కువ" అని ఎగతాళిగా అనేది కానీ, ఒక్క గాజు చిట్లినా ఆ పూట అన్నం సయించేది కాదు ఆవిడకు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు పుస్తకం గట్టిగా చదివి గొప్పలు పోతున్న రోజుల్లో నాన్న పెరట్లో చేతిపంపు వేయిద్దామనుకున్నాడు. అప్పటిదాకా వీధి చివరి బావి నుంచి బిందెలు మోసుకొచ్చేవాళ్లం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన పెరడంతా తిరిగాడు. నిమ్మచెట్టు దగ్గర కాయ కదల్లేదు, గోడ దగ్గర కదల్లేదు. ఉతుకుడు బండ దగ్గరికి రాగానే కాయ లేచి నిలబడింది. "ఇక్కడేనండి, బండ తీయాలి" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "దాని జోలికి పోవద్దు. మా మామ చేత్తో పరిచిన బండ అది" అంది. "పారేస్తున్నామా అమ్మా? నాలుగడుగులు అవతల వేస్తాం, అంతే" అని నాన్న నచ్చజెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు కూలీలు గడ్డపారలతో వచ్చారు. ఆవిడ అలిగి, అంత హడావుడిలోనూ తొట్టి పక్కన కూర్చుని కుంకుడు నురగలో దిండు గలీబులు పిసుకుతూనే ఉంది.

బండ లేచింది. కింద నుంచి జెర్రులు నలుదిక్కులా పరిగెత్తాయి. నిమ్మచెట్టు వేర్లు తెల్లగా దారాల్లా అంటుకుని ఉన్నాయి. కూలీలు దాన్ని వెల్లకిలా తిప్పి, దాని మీద ఒక బిందె నీళ్లు కుమ్మరించారు. మట్టి కరిగేకొద్దీ అక్షరాలు బయటపడ్డాయి.

"రమీజా, ఇటు రావే. ఇంగ్లీషులా ఉంది, చదువు" అని పిలిచాడు నాన్న.

నేను పుస్తకాల సంచీ అలాగే భుజాన వేసుకుని వెళ్లాను. కూలీల ముందు నా చదువు చూపించుకునే అవకాశం వచ్చిందని సంతోషం. పెద్ద అక్షరాలతో పైన ఆ రైలు దారి సంగతి ఉంది. దాన్ని ట్రామ్‌వే అన్నారు. ఈ వైపు కొండల నుంచి మొదటిసారి ఇనప దారి వేసిన గుర్తుగా నిలిపిన రాయి అని రాసి ఉంది. నేను చదివి తెలుగులో చెప్పగానే నాన్న పెద్దగా నవ్వాడు. "మా తాత ఊళ్లో ఎవరికీ దొరకని సరుకు తెచ్చాడు! దొరల శిలాఫలకం మీద గలీబులు ఉతుకుతున్నామన్నమాట" అన్నాడు. కూలీలూ నవ్వారు. నేను కింది వరస అందుకున్నాను. ఈ పనిలో ప్రాణం పోగొట్టుకున్న, ఎడ్లు తోలే, తిరువూరు నివాసి, మౌలాలి. నా నోరు బళ్లో చదివినట్టు గడగడా చదివేసింది. అర్థం నాకు తర్వాత తగిలింది.

నాన్న మొహం మీద నవ్వు తీసేయడం మర్చిపోయినట్టు అలాగే ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఏదో తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. తప్పు లేదు. అన్నీ పెద్ద అక్షరాలే, ఒక్కొక్కటీ నా బొటనవేలంత ఉంది.

"ఏమన్నావే?" అంది నాయనమ్మ. మోచేతుల దాకా నురగతో లేచి వచ్చింది. "మళ్లీ చదువు."

చదివాను.

"ప్రాణం పోయిందని రాశారా? పారిపోయాడని కాదా?"

"పోయిందనే ఉంది నాయనమ్మా."

ఆవిడ కేకలు పెడుతుందనుకున్నాను. కింద పడిపోతుందని నాన్న చెయ్యి చాచాడు. ఆ చేతిని తోసేసి బండ పక్కన చతికిలబడింది. "ఎప్పుడు? ఎప్పుడు పోయాడో చూడు" అంది. పేరు కింద ఇంకో వరస ఉంది కానీ అందులో సున్నపు పెచ్చులాంటిది గట్టిగా పట్టుకుపోయి ఉంది. నాన్న, "అమ్మా, ఎప్పుడైతే ఏంటి ఇప్పుడు..." అనబోయాడు.

"నోర్ముయ్!" అంది నాయనమ్మ. "నేను చంపానో, ముందే పోయాడో నాకు తెలియాలి."

అప్పుడు గాని మాకు ఆవిడ గుండెలో ఏముందో అర్థం కాలేదు. రోజూ కాళ్లు విరగమంది, పాము కరవమంది, మన్నులో పెట్టమంది. ఆ మాటలు గాల్లో పోయాయనుకుంది. అవి తగిలాయా? వాటి వల్లే ఎక్కడో బతికున్న మనిషి పోయాడా? కొబ్బరి పీచు అందుకుని, తొట్టిలో ముంచి, రెండు చేతులతో ఆ వరసను రుద్దడం మొదలుపెట్టింది. గాజులు రాయికి కొట్టుకుంటున్నాయి. ఎప్పుడూ ఒక్కటి చిట్లితేనే అల్లాడిపోయే మనిషి, అవి పగులుతున్నా చూసుకోలేదు. అమ్మ చెయ్యి వేయబోతే వేయనివ్వలేదు. నేను పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో అక్షరం బయటపడుతుంటే కూడబలుక్కుని చదివాను. ముందు నెల పేరు బయటపడింది.

"ఆగస్టు" అన్నాను.

"ఆగస్టంటే ఎప్పుడు? నాకు మన లెక్కలో చెప్పు."

"వానలప్పుడు నాయనమ్మా. నాట్లు వేసేటప్పుడు."

"వానలే కదా? మామిడి పూత కాదు కదా?"

"కాదు. పూత చలికాలంలో కదా."

"ఏ ఏడు?"

ఏడు కూడా బయటపడింది. అది నాన్న పుట్టిన ఏడే. నేను చెప్పగానే నాయనమ్మ పీచు కింద పెట్టి, పైకి చూసి ఊపిరి వదిలింది. "వాడొచ్చి చెప్పింది పూతలో. నేను నోరు చేసుకుంది పూత తర్వాత. అప్పటికే పోయాడు. నా తిట్లు తగల్లేదురా, మస్తానూ! తగల్లేదు!" అని నాన్న చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ మొహంలో వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. అంతలోనే అది ఆరిపోయింది. మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు, "వానల్లో నువ్వు నా కడుపులో ఉన్నావు. అప్పుడు నేను పూటపూటా ఆయన కోసం దువా చేసేదాన్ని. దువా చేస్తుండగా పోయాడా?" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాన్న ఏడవలేదు. పట్టా దూలం వంకా, గడప వంకా, బండ వంకా పిచ్చివాడిలా చూశాడు. "మా తాత తన కొడుకు కోసం బెజవాడ దాకా తిరిగాడు. ఆ కొడుకు రాయిని తనే బండిలో వేసుకొచ్చి, తనే బోర్లా పరిచాడు. దాని మీద కూర్చుని స్నానం చేసేవాడు" అన్నాడు. తర్వాత మేం ఊహించుకున్నదే తప్ప అసలేం జరిగిందో మాకు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వాన తడికి బ్రేకు జారి తొట్టి దొర్లి ఉంటుంది. దొరలు అడుగుతారని భయపడి మేస్త్రీ అక్కడే ఎక్కడో పూడ్చేసి, నెలల తర్వాత పారిపోయాడని కబురు పంపి ఉంటాడు. ఎవరో ఒక దొరకు సంగతి తెలిసి, మనసు ఊరుకోక రాయి మీద పేరు చెక్కించి ఉంటాడు. ఆ పేరు చదవగలిగినవాళ్లకు మౌలాలి ఎవరో తెలియదు. మౌలాలిని ఎరిగినవాళ్లకు చదవడం రాదు.

సాయంత్రం మసీదు నుంచి హజరత్ గారు వచ్చారు. మొగుడు పోయిన ఆడది కొన్నాళ్లు ఇల్లు కదలకుండా గడువు పాటించాలి కదా, ఇప్పుడు ఈ వయసులో నాయనమ్మ గడువు కూర్చోవాలా అని నాన్న అడిగాడు. ఆయన గడ్డం నిమురుకుంటూ, "గడువు మనిషి పోయిన రోజు నుంచి మొదలవుతుంది, కబురు తెలిసిన రోజు నుంచి కాదు. అది ఎప్పుడో అయిపోయింది తల్లీ. నీకు తెలియకుండానే తీర్చేశావు" అన్నారు.

తెర వెనక నుంచి నాయనమ్మ, "మరి ఆ తర్వాత తిట్టిన తిట్లో హజరత్ గారూ?" అంది.

"తెలియక అన్న మాట అల్లా పట్టుకోడమ్మా" అని, పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహాకు సిద్ధమయ్యారు. అమ్మ చింతచిగురు వేసి మాంసం వండింది, తాతకు అది ఇష్టమని నాయనమ్మ చెప్పింది. అంతవరకూ ఆ ఇంట్లో తాతకు ఒక ఇష్టం ఉందని మాకెవరికీ తెలియదు. సాంబ్రాణి పొగలో హజరత్ గారు, "ఎవరి పేరు మీద?" అని అడిగారు. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. తెర వెనక నుంచి మా అందరికంటే ముందు నాయనమ్మ గొంతు వినిపించింది. "మౌలాలి." కొత్త పెళ్లికూతురు చెప్పినంత సన్నగా చెప్పింది. ఇంక తగ్గడానికి ఆయుష్షేమీ మిగల్లేదు కదా. నేను తెర సందులోంచి చూశాను. కొంగు నోటికి అడ్డం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా పెరడు మూగబోయింది. పగలకుండా మిగిలిన గాజులు ఆవిడే తీసి గూట్లో పెట్టింది. గాజులమ్మ వచ్చి బుట్ట దించినప్పుడు అలవాటుగా చెయ్యి చాచి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. గాజులమ్మ చూడనట్టు బుట్ట సర్దుకుంది. గలీబులు ఇప్పుడు పంపు దగ్గర వేసిన కొత్త బండ మీద ఉతికేవాళ్లు. దెబ్బ పడేది, మాట పడేది కాదు. ఒకరోజు అమ్మ తట్టుకోలేక, "అత్తా, ఏదో ఒకటి అనండి. ఇల్లు ఇల్లులా లేదు" అంది. నాయనమ్మ గలీబు పిండి తీగ మీద ఆరేసింది. పాత బండను కబరస్తానులో పెట్టిద్దామని నాన్న అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆడవాళ్లం అక్కడికి పోము కదా, అక్కడ పెడితే నేనెప్పుడు చూసేది అంది. అందుకని దాన్ని పెరటి గోడకు ఆనించి, అక్షరాలు వంటింటి వైపు కనపడేలా నిలబెట్టారు. చివరికి ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి పెరట్లోంచి పాత గొంతే వినపడింది. "పోయినవాడివి, ఒక్కసారి కల్లోకి వచ్చి చెప్పి చావొచ్చు కదయ్యా మౌలాలీ! నా నోరు ఇంత పాడుచేశావు!" అంటూ దిండు గలీబు బాదుతోంది. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. కళ్లలో నీళ్లొచ్చాయి.

నాయనమ్మ పోయింది. నాన్న పోయాడు. స్పాంజి పరుపులొచ్చి దూదిపని పోయింది. తమ్ముడు ఇల్లు అమ్మేసి ఊళ్లోనే ఇంకో వీధికి మారాడు. బండ కదలదని అక్కడే వదిలేశాడు. దాన్ని ఎవరేం చేస్తారులే అనుకున్నాం. ఇదిగో, గద్దె ఎక్కించారు.

ముందువైపుకు తిరిగి చూశానని చెప్పాను కదా. పక్కనే పెద్ద రంగుల బోర్డు. "మన ఊరి తొలి రైలు జ్ఞాపక చిహ్నం" అని రాసి, నల్లటి పొగ వదులుతూ వస్తున్న ఇంజను బొమ్మ వేశారు. ఎడ్లు లేవు. రాయి మీద ట్రామ్‌వే అక్షరాలకు బంగారు రంగు పూశారు. ఆ కింద, ప్రాణం పోగొట్టుకున్న అనే మాట సగానికి వచ్చేసరికి గద్దె సిమెంటు మొదలైంది. అక్కడితో సరి. పేరు లేదు, ఊరు లేదు, నెల లేదు. మా ముత్తాతకు చదవడం రాక బోర్లా పరిచాడు. వీళ్లకు చదవడం వచ్చు, వచ్చి కూడా పాతిపెట్టారు. ఏది ఎక్కువ అన్యాయమో నాకిప్పటికీ తేలలేదు.

కడ్డీలు తుడుస్తున్న కుర్రాడొకడు నన్ను చూసి దగ్గరికొచ్చాడు. కాలేజీలో చరిత్ర చెబుతాడట, తనూ స్నేహితులూ కలిసి ఈ రాయిని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కాపాడారట. మంచివాడే, కళ్లలో ఉత్సాహం కనపడుతూనే ఉంది. "ఫోటో తీయమంటారా మేడమ్?" అన్నాడు.

"కింద ఇంకా రాసి ఉండాలే బాబూ?"

"ఉందండి, రెండు వరసలు. ఎవరిదో పేరు. రాయి నిలబడాలంటే కొంత లోపలికి పోవాలి కదండీ? ముఖ్యమైంది పైనే ఉంది."

నేను కడ్డీల మధ్య నుంచి చెయ్యి పెట్టి ఆ సిమెంటు మీద ఆనించాను. ఎండకు కాలిపోతోంది. నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు. "నీ కాళ్లిరగ, మళ్లీ ఎక్కడికి పోయావయ్యా మౌలాలీ!" పెద్దగానే అరిచినట్టున్నాను, టీకొట్టు దగ్గరవాళ్లు తిరిగి చూశారు. కుర్రాడు బెదిరిపోయాడు. "ఎవరినండీ?" అన్నాడు.

"మా తాతని. నీ సిమెంటు కింద ఉన్నాడు."

పాపం, అతను రెండుసార్లు "సారీ మేడమ్" అన్నాడు. తర్వాత ఫోను తీసి, "చెప్పండి, కొత్త బోర్డు రాయిస్తాం. అన్నీ పెట్టిస్తాం" అన్నాడు. నేను చెప్పాను, అతను రాసుకున్నాడు. మౌలాలి, తిరువూరు. ఎడ్లు తోలేవాడు. ఇంజను లేదు, పొగ లేదు, ఆ బొమ్మ తీసేయండి. ఈ పనిలో ప్రాణం పోయింది, పారిపోలేదు. ఆగస్టు నెల. "సరే మేడమ్" అని ఫోను జేబులో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"వానల్లో అని రాయి నాయనా. మామిడి పూతలో కాదని కూడా రాయి."

"అదెందుకు మేడమ్?"

"మా నాయనమ్మ తిట్లు ఆయనకు తగల్లేదు. ఊరికి తెలియాల్సింది అదే."